చిలకల కింది అక్షరాలు

ఆ పాత ఇంటి గుమ్మం దగ్గరే తెలుగు టీచరు హైమ ముక్కు మూసుకుంది.

నడుమెత్తు దాకా గోడంతా కిళ్ళీ ఉమ్ములే. కొత్తవి ఎర్రగా, పాతవి నల్లగా. ఛీ, కాలు పెట్టడానికి చోటుంటే ఒట్టు! కట్టుకున్న బర్మా లోంజీ అంచు పైకి పట్టుకుని తలెత్తి చూసింది.

పైన మాత్రం ఎంత పనితనమో! టేకు కిటికీల మీద విసనకర్రల్లా విచ్చుకున్న రంగుటద్దాలు. ద్వారం మీద సున్నంతో చేసిన ద్రాక్షగుత్తులు, వాటి మధ్య రెండు చిలకలు. ఓ చిలక ముక్కు బద్దలుకొట్టి ఎవడో మహానుభావుడు మరుగుదొడ్డి గొట్టం దింపాడు.

'వీళ్ళ చేతులు పడిపోనూ!' అనుకుంది.

చిలకల కింద గుండ్రటి తెలుగు అక్షరాలు. ఆ ఒక్క చోటే శుభ్రంగా ఉంది. మల్లెదండ, అగరొత్తులు.

"మా ముత్తాత పేరు, టీచరమ్మా," అన్నాడు ఇంటి పెద్ద చంద్రరావు, కిళ్ళీ బుగ్గన పెట్టుకుని. "రోజూ దండేసి దణ్ణమెట్టుకుంతాం. మాకు తెలుగు మాటాడ్డమే గానీ సదవడం రాదు. నువ్వు సదివి సెప్పు సాలు, ఇల్లు నిలబడతాది."

నిజమే. ఈ ఇల్లు కూల్చి పన్నెండంతస్తులు లేపాలని ఒకాయన కాచుకుని ఉన్నాడు. కట్టించినవాళ్ళ వివరం గోడ మీదే ఉంటే కాపాడే జాబితాలో చేరుస్తామంది పాత కట్టడాల సంఘం. ఆ సంఘం పెద్ద ఊ తిన్ మౌంగ్ పుస్తకం తెరిచి పక్కనే నిలబడ్డారు. లోపల ఎనిమిది కుటుంబాలు. నది అవతలి దలా నుంచి పడవెక్కి చుట్టాలు కూడా దిగారు.

హైమ చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఏటమ్మా, ఏటుంది?" అంటూ చంద్రరావు పక్క గోడ మీద తుపుక్కున ఉమ్మాడు. సగం ఆమె చెప్పు మీద పడింది.

ఛీఛీ! హైమకి ఒళ్ళు మండిపోయింది. ఉన్నది ఉన్నట్టు చదివేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ చదివితే చిలకలూ పోతాయి, ఎనిమిది కుటుంబాలూ రోడ్డున పడతాయి.

"టీచరుగారూ, ఇది వీళ్ళ గురించేనా?" ఊ తిన్ మౌంగ్ బర్మీస్‌లో అడిగారు.

"నూటికి నూరుపాళ్ళూ వీళ్ళ గురించేనండి," అంది హైమ పళ్ళు బిగించి.

ఆయన రాసుకుని సంతకం పెట్టారు. చంద్రరావుకి కళ్ళనీళ్ళు ఆగలేదు. పిల్లాజెల్లా అందర్నీ పిలిచి వరసగా నిలబెట్టాడు.

ఇంటిల్లిపాదీ చేతులెత్తి మొక్కిన ఆ అక్షరాలు: "ఇచ్చట ఉమ్మివేయువాడు గాడిద."