ఒలింక పిన్ని కోపం

ఒలింక ఆ పుస్తకాన్ని తీసుకెళ్ళి నేరుగా పొయ్యిలో పడేసింది.

పేగు బొమ్మ వేసిన అట్ట ముందు వంకర్లు తిరిగింది, తర్వాత భగ్గున అంటుకుంది. ఊరి హాల్లో కూర్చున్నవాళ్ళు ఎండు సాల్మన్ చేప నములుతూ చూస్తున్నారు. ఒక్కరంటే ఒక్కరు లేచి వద్దనలేదు.

"ఇంకోటుందా? అదీ ఇటివ్వు," అంది ఒలింక.

బ్రిజెట్ పుస్తకాల పెట్టెని ఒళ్ళోకి లాక్కుంది. ఆంకరేజ్ పట్నంలో చదువుకున్న పిల్ల, ఆరోగ్య గ్రంథాలయంలో ఉద్యోగం. కస్కోక్విమ్ నది వెంట ఉన్న యుపిక్ తెగవాళ్ళ పల్లెలకి చిన్న విమానంలో పుస్తకాలు మోసుకొచ్చి, ఏ జబ్బు ఎలా వస్తుందో బొమ్మలు చూపించి చెబుతుంది. ఈ ఊరికి రావడం రెండోసారి. పోయిన ఏడు ఊరంతా కలిసి విందు పెట్టి, ఆమెకి అర్థంకాని తమ భాషలో ఏవో మాటలు చెప్పి పంపారు. ఈ ఏడు జరుగుతున్న మర్యాద ఇదీ.

ఊరి క్లినిక్ చూసుకునే నస్తాసియాకి తల కొట్టేసినట్టయింది. గ్రంథాలయం వాళ్ళు వేరే మనిషిని పంపుతామంటే ఒప్పుకోకుండా, ఈ పిల్లే రావాలని పట్టుబట్టి పిలిపించింది తనే. అంతా ఈ ఒలింక పిన్ని కోసమే. పిన్నికి వేసవి నుంచీ దొడ్డికి వెళితే రక్తం పడుతోంది. పట్నం ఆసుపత్రిలో పేగులోకి కెమెరా పెట్టి చూస్తే సంగతి తేలుతుంది. వెళ్ళమంటే వెళ్ళదు. ఆమె మొగుడు వసీలి కూడా ఇంతే. రక్తం సంగతి పెళ్ళానికి కూడా చెప్పకుండా, నడుం నొప్పని బొంకుతూ బొంకుతూ రెండేళ్ళ కిందట చచ్చిపోయాడు.

మధ్యాహ్నం విమానం ఉంది. అది తప్పితే మళ్ళీ ఎప్పుడో చెప్పలేం. నది గడ్డకట్టే రోజులు, మంచు కమ్మిందంటే ఏ విమానమూ దిగదు.

"పిన్నీ, ఆ పిల్ల మన మంచికే కదా వచ్చింది," అంది నస్తాసియా.

"నువ్వు నోర్ముయ్యి. నేను ఈ మనిషితో మాట్లాడుతున్నా." ఒలింక బ్రిజెట్ ముందుకొచ్చి నిలబడింది. "రక్తం పడితే ఏం చెయ్యాలో ఇప్పుడా నువ్వు చెప్పేది? అప్పుడేమైంది నీ నోరు? అంతా తెలిసీ నోరు కుట్టేసుకుని కూర్చున్నావు. ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

"క్షమించండమ్మా. అప్పటికి మా దగ్గర ఈ పుస్తకాలు లేవు."

"పుస్తకం ఎవడడిగాడు? నోరు లేదా అని అడుగుతున్నా."

గోడవారగా కూర్చున్న యాకో, వసీలి తమ్ముడు, టీ కప్పు కింద పెట్టాడు. "తిట్టు వదినా, కడుపులో పెట్టుకోకు. ఎన్నాళ్ళని ఆపుకుంటావు?"

హాల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. బ్రిజెట్ మొహం కందగడ్డయింది. నస్తాసియా వైపు వంగి ఆమె చెవిలో గుసగుసగా అడిగింది, "నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు. అదే పిన్ని బాధ. ఎదురు చెప్పకు, తిట్టనీ."

ఏం చెయ్యాలో తోచక బ్రిజెట్ పళ్ళెంలోంచి చేప ముక్క తీసుకుంది. ఒలింక దాన్ని చేతిలోంచి లాగేసింది.

"కొవ్వు పక్క తినకు. నీకు అరగదు, రాత్రంతా దొర్లుతావు." ఇంకో ముక్క తీసి ఆమె చేతిలో కుక్కింది. తిండి విషయంలో కూడా ఇంత పెత్తనమా అనుకుంది బ్రిజెట్. ఇక ఆ పిల్లకి ఓపిక చచ్చిపోయింది.

"ఎంతైనా తిట్టండి. కానీ ఇవాళ విమానం ఎక్కండి. మీ ఆయన దాచుకుని పోయారు. మీరూ అలాగే పోతారా?"

నములుతున్న దవడలన్నీ ఆగిపోయాయి.

"వినండర్రా, ఎవరు చెబుతున్నారో," అంది ఒలింక. బల్ల మీద కూలబడింది. "ఎలా వెళ్ళను? ఇంటిమనిషి తోడు లేకపోతే మత్తు ఇవ్వరట. పిల్లా పీచూ లేరు. నస్తాసియా క్లినిక్ వదిలి రాలేదు. నన్ను ఒంటరిదాన్ని చేసి పోయాక ఇప్పుడు ఎక్కమంటే ఎలా ఎక్కుతాను?"

"నేనొస్తాను," అంది బ్రిజెట్.

"వస్తావా? మధ్యలో వదిలేసి పోవు కదా?"

"పోను."

"అప్పుడూ ఈ మాటే అన్నావు."

తను ఎప్పుడన్నదో బ్రిజెట్‌కి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అడుగుదామనుకునేలోపు ఒలింక లేచి కోటు తొడుక్కుంది. సంచి తీసి ఆమె మీదికి విసిరింది.

"మొయ్యి మరి. నేనే మోసి మోసి చచ్చాను ఇన్నాళ్ళూ."

నస్తాసియా ఇద్దరినీ బండి మీద ఎక్కించుకుని విమానం దగ్గరికి పరుగెత్తించింది. ముసలామె ఎక్కడ మనసు మార్చుకుంటుందో అని దారిలో ఎక్కడా బండి ఆపలేదు. పైలట్ కొత్తవాడు, బయటి ఊరి కుర్రాడు. బ్రిజెట్‌ని ఎగాదిగా చూశాడు.

"ఆసుపత్రికి ఇంటివాళ్ళే తోడు రావాలంటారమ్మా. ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

బ్రిజెట్ ఏదో ఒక అబద్ధం వెతుక్కుంటూ నోరు తెరిచింది. ఒలింక ఆమెని భుజం పట్టుకుని ముందు లోపలికి నెట్టింది.

"మా ఆయన," అంది ఒలింక, "పోయిన ఏడు విందు పెట్టి మా వసీలి పేరు ఈ పిల్లకే పెట్టుకున్నాం, పేరు ఎవరి దగ్గరుంటే పోయిన మా మనిషి వాళ్ళలోనే ఉంటాడు, ఇక పోనీ బాబూ."