పగటి షిఫ్టు

"రాత్రిపూట అక్కడ చలిగా ఉంటుందా?" వడ్డిస్తూ అడిగింది భార్య.

"చలేంటి? బ్రెడ్డు కాల్చే పొయ్యిలు పక్క హాల్లోనేగా. చొక్కా తడిసి ముద్దయ్యేది."

ఆమె తలూపింది. అతను కలుపుతున్న ముద్ద వదిలి ఆమెను చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె తన పని గురించి అడగడం ఇదే మొదలు.

అడిగే వీలెక్కడిది? బ్రెడ్డు ఫ్యాక్టరీ ప్యాకింగులో అతనిది రాత్రి షిఫ్టు. పొద్దున వచ్చి పడుకునేవాడు, సాయంత్రం లేచి వెళ్ళిపోయేవాడు. మూత పెట్టిన గిన్నెలే అతనికి తెలిసిన భార్య. ఒక ఉదయం, నిద్రపోతున్న ఆమెను చూస్తే కణత దగ్గర తెల్లటి పాయ కనిపించింది. అది ఎప్పుడు నెరిసిందో తనకు తెలియదు. పడుకోకుండా తిరిగి ఫ్యాక్టరీకి వెళ్ళాడు.

"పగటి షిఫ్టా? రాత్రి అలవెన్సు పోతుందయ్యా," అన్నాడు సూపర్‌వైజర్.

"పోనీండి సార్. సాయంత్రాలు మా ఆవిడతో ఉండాలి."

"పెళ్ళయిన కొత్తలో రావాల్సిన బుద్ధి, ఇప్పుడొచ్చిందా?"

సూపర్‌వైజర్ నవ్వాడు. అతనూ నవ్వాడు.

ఇప్పుడు రోజూ దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరుతున్నాడు. అతని అలికిడి వినగానే ఆమె రేడియో కట్టేస్తుంది. కిటికీ దగ్గరి కుర్చీలోంచి లేస్తుంది. "కూర్చో, కూర్చో" అంటూనే ఆ కుర్చీలో అతను కూలబడతాడు. ఆమె వంటగదిలోకి వెళుతుంది. ఇంత మర్యాద తెలిసిన మనిషిని ఇన్నాళ్ళు ఒంటరిగా వదిలేశానే అని అతనికి దిగులేస్తుంది.

కష్టమల్లా మాటలతోనే. రెండు మాటలు నడిచి ఆగిపోతాయి. ఎదురెదురుగా కూర్చున్నా, ఒకే రైలు కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు కొత్తవాళ్ళలా ఉంటుంది. అందుకే ఆమె ఏదైనా అడిగితే అతనికి పండగే.

"పని చేస్తూ కబుర్లు చెప్పుకుంటారా?"

"కబుర్లా? ఆ మిషన్ల మోతలో పక్కవాడు పిలిచినా వినపడదు. తెల్లారేదాకా ఎవరి లోకం వాళ్ళది."

ఆమె చేతిలోని గరిటె ఆగింది. ముఖం మెత్తబడింది. తన మీద జాలి కాబోలు అనుకున్నాడతను.

"ఆడవాళ్ళు కూడా ఉంటారా?"

అతనికి నవ్వొచ్చింది. "ఉంటారు. ఏం, ఇన్నాళ్ళకి అనుమానమొచ్చిందా?"

"అబ్బే, ఊరికే. ఆ వేళప్పుడు ఎలా వస్తారో పాపం."

"కంపెనీ వ్యాను ఇళ్ళ దాకా వెళుతుందిలే. వాళ్ళ గొడవ నీకెందుకు?"

ఆ కాస్త అసూయ కడుపు నింపింది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు ఇంటికొచ్చేసరికి భోజనం సిద్ధంగా ఉంది. ఆమె ఉతికిన చీర కట్టుకుని, జడ బిగించి వేసుకుని ఉంది. అతని మనసు తేలికపడింది.

"బయటికి వెళదామా? ఇకనుంచి రోజూ అలా కాసేపు నడిచొద్దాం, ఇద్దరం."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"మీకో మాట చెప్పాలి. కోపం తెచ్చుకోకండి."

"నీ మాట వినడానికేగా పగటి షిఫ్టుకి మారింది. చెప్పు."

"మీరు వదిలేసిన రాత్రి షిఫ్టులోకి నన్ను తీసుకున్నారండీ."