గాలి చిల్లులు

వినోదకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తనలాగే కూతురు కూడా బడి మానేస్తుందేమోనని.

ఏడో తరగతిలో యూనిఫాం లేదని బయట నిలబెడితే ఇంటికొచ్చేసింది వినోద. మళ్లీ ఆ గేటు దాటలేదు.

ఇప్పుడు కూతురు అశ్రిత రెండో తరగతి. బడిలో వేషాల పోటీ పెట్టారు. చంద్రుడి మీద దిగే చైనా, జపాన్, ఇండియా ల్యాండర్లుగా పిల్లలు తయారై రావాలి. అశ్రితది ఇండియా.

"చైనా అయ్యే పిల్ల చంద్రుని మట్టి గూడ తెస్తదంట మమ్మీ. మరి నేను?"

"నువ్వు నిమ్మళంగ దిగు, సాలు. జపానోళ్లది దిగంగనే ఒరిగిందంట."

శామీర్‌పేటలో వాళ్ల గల్లీ చివర ఒంటిగదిలో దుర్గాబాయి అనే ముసలామె కుట్టుమిషన్ పెట్టుకుంది. ఎక్కడి మనిషో ఎవరూ అడగలేదు. అసలు ల్యాండర్‌కు చుట్టినట్టుండే బంగారు రంగు షీటు కొని, కొలతల కోసం కూతుర్ని తీసుకుపోయింది వినోద.

ముసలామె గుమ్మంలోనే ఆపింది.

"చేతులు కడుక్కో బిడ్డా. జుట్టుకు గుడ్డ గట్టుకో."

"ఏందమ్మా నీ మడి? గంత గలీజుగున్నమా మేము?" వినోదకు ఒళ్లు మండింది.

దుర్గాబాయి సూదులు లెక్కపెట్టుకుంటోంది.

పోటీ ఇంకా రెండు రోజులుందనగా వెళ్లి చూస్తే, షీటుతో కుట్టిన అంగీ నిండా సన్నని చిల్లులు.

"ఖరాబ్ జేసినవ్ గద! కొత్త షీటుకు గీ బొక్కలేంది?"

"గాలి పోవాలె బిడ్డా. లేకుంటే లోపటి గాలి ఉబ్బి షీటు సినుగుతది."

"ఏం, నా బిడ్డను నిజంగనే చంద్రుని మీదికి తోలుతున్ననా?"

గల్లీ అంతా నవ్వింది. వినోద గొంతు ఇంకా లేచింది.

"గీమెకు ఎవ్వలూ బట్టలియ్యకుండ్రి!"

అంగీ లాక్కుని కూతుర్ని ఈడ్చుకుపోయింది.

"కుట్టు గట్టిది బిడ్డా, భయపడకు" అంది దుర్గాబాయి, అశ్రితతోనే.

పోటీకి న్యాయనిర్ణేత గోపాలరావు, ఉపగ్రహాలు తయారుచేసే చోట పనిచేసి రిటైరైన ఇంజనీరు. అశ్రిత దగ్గర ఆగి చిల్లులు తడిమాడు.

వినోద అడ్డంపడింది. "నా బిడ్డను బయట నిలవెట్టకుండ్రి సార్! తప్పు కుట్టినామెది."

"తప్పా? చిల్లుకూ చిల్లుకూ మధ్య కొలిచినట్టుంది. ఆమె సూదులు లెక్కపెడుతుందా?"

"మీకెట్ల తెల్సు?"

"చేతులు కడుక్కోనిదే ముట్టుకోనివ్వదు కదూ? దుర్గాబాయి!"

ఆయన చెప్పింది విని వినోద గల్లీకి పరుగెత్తింది.

గదికి తాళం.

"ఇగ ఏం జూస్తవ్?" అంది పక్కింటామె. "నువ్వు ఒర్లినంక అందరు బట్టలు వాపస్ తీస్కపోయిండ్రు. నిన్న మిషన్ ఆటోల ఏస్కొని అల్వాల్ దిక్కు పోయింది."

"నువ్వేం జేసినవ్?"

"నేను గూడ నా జాకెట్లు తెచ్చుకున్న."

మన ల్యాండర్ దిగిన రోజు పటాకులు కాల్చింది ఈ గల్లీయే. ఈ గల్లీ మీద, తన నోటి మీద, వినోదకు కోపం ఇప్పటికీ చల్లారలేదు.

అల్వాల్ వైపు మీరుంటే, సూదులు లెక్కపెట్టుకునే ముసలామె ఎక్కడైనా కనబడితే, తిన్నదో లేదో ఒక్కసారి చూడండి. చంద్రుడి మీదికి పోయిన మన ల్యాండర్‌కు బంగారు దుప్పటి కుట్టింది ఆమే.