బొమ్మలో యుద్ధం

"ఓడిపోతే మావాణ్ణి మర్చిపోవాలి. మళ్లీ ఈ గుమ్మం తొక్కకూడదు," అంది థోవా, కంప్యూటర్ ముందుకు కుర్చీ లాక్కుంటూ.

"గెలిస్తే, పెద్దమ్మా?" అంది న్యాన్.

"గెలిస్తే అత్తా అని పిలుద్దువుగాని. ముందు గెలిచి చూపించు!"

వియత్నాంలోని నామ్ దిన్‌ ఊళ్లో ఆ గేమ్ సెంటర్ థోవాదే. రాజ్యాల ఆటలో ఆమెను ఓడించినవాళ్లు ఆ వీధిలోనే లేరు. కుర్రకారంతా ఐసు టీ గ్లాసులు పట్టుకుని వెనక మూగారు.

యుద్ధం జరిగే నేలను తయారుచేసింది ఆమె కొడుకు ఖాంగ్. ఒక ఫొటోను కంప్యూటర్‌కిస్తే నల్లగా ఉన్నచోట అడవి, తెల్లగా ఉన్నచోట రాళ్లగుట్ట, మిగతాది మైదానం అయ్యాయి.

"నేను ఎవరి పక్షమూ కాదు. ఏ ఫొటోనో ఇప్పుడు చెప్పను. ఆట ముగిసి చీకటి తొలగాక మీరే చూడండి," అన్నాడు.

ఆ ఆటలో ఎవరి మనుషులు తిరిగినంత మేరే వాళ్లకు కనిపిస్తుంది. మిగతాదంతా చీకటి.

ఉత్తరాన న్యాన్‌కు దట్టమైన అడవి దొరికింది.

"నరికెయ్ అక్కా! ఒక్కటీ వదలకు!" అరిచారు వెనకనుంచి. వదల్లేదు. ఆ కలపతో కోటలు పగలగొట్టే బళ్లు చేయించింది.

దక్షిణాన థోవాకు వరసగా పేర్చినట్టు తెల్లరాళ్లు దొరికాయి. "ఆహా, నాకోసమే పెట్టినట్టున్నాయి!" అంటూ, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, అన్నీ తవ్వించి కోట కట్టింది.

"లోపల దాక్కుంటే ఎలా పెద్దమ్మా? బయటికి రండి!"

"నోర్ముయ్యవే. ఇంటికెళ్లే బస్సెప్పుడో కనుక్కో."

ఖాంగ్ గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఈ పూట ఎవరు ఓడినా, ఇద్దరిలో ఒకరు తనకు దూరమయ్యేలా ఉన్నారు.

బళ్లు కోట మీద విరుచుకుపడ్డాయి. ఒక గోడ కూలింది. ఇంకోటి కూలింది. కుర్రాళ్లు కుర్చీలెక్కి కేకలు పెట్టారు. చివరి బురుజు కూడా నేలమట్టమైంది.

చీకటి తొలగింది. నేలంతా ఒక్కసారిగా తెర నిండా పరుచుకుంది. ఉత్తరాన నున్నటి గుండు, దక్షిణాన బోసినోరు. ముఖం!

థోవా పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, న్యాన్ చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"అత్తా అని పిలవ్వే! ఆ బోడి ముసల్ది ఎవరోగానీ, దానికి గుండు కొట్టిన పిల్లే నా కోడలు. అందరూ విన్నారుగా! ఒరేయ్ ఖాంగ్, ఇంతకీ ఎవర్రా అది?"

ఖాంగ్ మెల్లగా గుమ్మం దాకా జరిగాడు.

"నీ పెళ్లినాటి ఫొటో, అమ్మా."