ఇంటి గుట్టు

"మళ్ళీ ముట్టుకున్నారా?" అంది భార్య, లాప్‌టాప్ తెర చూసి. పదకొండింటికి ఇంటర్వ్యూ. ఇప్పుడు పదీ నలభై. పేజీ తెరుచుకోవడం లేదు, చిన్న చక్రం మాత్రం తిరుగుతోంది.

"ముట్టుకోలేదు. రూటర్లో డీఎన్నెస్ మార్చానంతే," అన్నాడు భర్త సోఫాలోంచి, తన లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే. "నీకోసమే. మధ్యలో నీ ముఖం ఆగిపోకూడదని."

ఆ ఇంట్లో దిగి పది రోజులైంది. పది రోజుల్లో ఆ మహానుభావుడు విప్పిన అట్టపెట్టెలు మూడు. మార్చిన డీఎన్నెస్‌లు ఏడు.

"అసలేమిటండీ అది, నా ప్రాణానికి!"

"ఎన్నిసార్లు చెప్పాలి? నువ్వు వెబ్‌సైట్ పేరు కొడతావు. దాని అడ్రసు వెతికిపెట్టేదే డీఎన్నెస్. నెట్ కంపెనీవాడిదే వాడితే మనమేం చూస్తున్నామో వాడికి తెలిసిపోతుంది. వేరేవాళ్ళది పెట్టుకుంటే తెలియదు, పైగా స్పీడు. ఇంటి గుట్టు లంకకి చేటన్నారు."

"మనకేం గుట్టుందండీ? మీరు చూసేవి క్రికెట్ స్కోర్లు, నేను చూసేవి ఉద్యోగాలు."

"అదే మరి! నీకు ఉద్యోగం లేదని వాడికెందుకు తెలియాలి?"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలలుగా ఎక్కే గడపా దిగే గడపాగా తిరిగితే పిలిచింది ఈ ఒక్కరే. "పాతది పెట్టేయండి. ఇప్పుడే."

"కంగారు పడకు. ఈసారి పెట్టింది అనుమానమున్న పేజీలన్నీ ఆపేస్తుంది. నీ ఇంటర్వ్యూవాళ్ళ పేజీ మీద దానికేదో అనుమానమొచ్చినట్టుంది. ఇంకోటి పెడతా."

"అనుమానం మీ బుర్రకి రావాలి ముందు!"

"నవ్వుకో. ఈ నెట్ కంపెనీని ఎలా నమ్మమంటావ్? కొరియర్లో రూటరు పెట్టె పంపారు, ప్లగ్గులో పెట్టీ పెట్టగానే పాస్‌వర్డ్ కూడా అడక్కుండా కనెక్టయిపోయింది. అంత అజాగ్రత్త మనుషులు!"

"అయితే పాస్‌వర్డ్ మీరే పెట్టొచ్చుగా?"

"ముందు డీఎన్నెస్ తేలనీ."

పదీ నలభై ఎనిమిది. కొత్త నెంబర్లు కొట్టాడో లేదో, ఉన్న కాస్త నెట్టూ పోయింది. ఫోన్లో చూస్తే ఆ గదిలో సిగ్నలు ఒక్క గీత, అదీ కాసేపుంటే కాసేపుండదు.

భర్త లేచి అలమరలో ఉన్న పెట్టెని తట్టాడు. "దీపాలు వెలుగుతూనే ఉన్నాయే! చూశావా, డీఎన్నెస్ మార్చానని కంపెనీవాడు కక్ష కట్టాడు."

"కొరివితో తల గోక్కున్నది మీరు, కాలింది నాకు!" ఆమె లాప్‌టాప్ చంకన పెట్టుకుంది. "పైన పిన్నిగారింటికి పోతున్నా. కాళ్ళు పట్టుకుని అయినా వాళ్ళ నెట్ అడుగుతా."

"జాగ్రత్త! వాళ్ళు కంపెనీ డీఎన్నెసే వాడుతుంటారు!"

సమాధానం చెబితే నోటికి ఏ మాట వస్తుందో అని మెట్లెక్కేసింది.

పైన తలుపు తీసే ఉంది. నెట్ కంపెనీ మెకానిక్ నేలమీద కూర్చుని రూటరు ముందు పెట్టుకున్నాడు. పిన్నిగారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"పిన్నిగారూ, ఒక్క గంట మీ నెట్..."

"ఏం నెట్టమ్మా! పది రోజులుగా వస్తే వస్తుంది, పోతే పోతుంది. ఎవరో లోపల నెంబర్లు మార్చేస్తున్నారట. వాడెవడో దొరకాలి, పోలీసులకి పట్టిస్తాను!"

"పాపం ఎవరికేం సరదానో," అంది ఆమె, గడియారం చూసుకుంటూ. పదీ యాభై ఆరు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయిపోయింది మేడమ్, అన్నీ మొదట్లా పెట్టేశా," అన్నాడు మెకానిక్, ప్లగ్గు పెడుతూ.

రూటరులో పచ్చదీపం వెలిగింది. ఆమె ఇంకా పాస్‌వర్డ్ అడగనే లేదు. చేతిలో లాప్‌టాప్ తెరిచేసరికి ఇంటర్వ్యూ పేజీ దానంతటదే వచ్చేసింది. బతికాను దేవుడా అనుకుంది. పిన్నిగారు మాత్రం ఆ తెరకేసీ ఆమెకేసీ మార్చి మార్చి చూశారు.

మెకానిక్ తలెత్తి నవ్వాడు. "మీరు కిందింటివాళ్ళే కదా మేడమ్? ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. మీ ఇంటికి లైను ఇవాళ సాయంత్రం లాగుతాం."