మొదటి బంతి

"ఎవరే ఆ ముసలాయన? మొదటి బంతిలో కూర్చున్నాడు."

సాల్మన్ మాటకు అతని భార్య అరుణ కూర బకెట్ కింద పెట్టి అటు చూసింది.

పెనుకొండలో వాళ్ల మిద్దె మీద షామియానా కింద నలభై ఆకులు పరిచారు. క్రిస్మస్ అంటే సాల్మన్ తల్లి మారెమ్మ దగ్గరే. హిందూపురం నుంచి ఆమె చెల్లెళ్లు, ధర్మవరం నుంచి తమ్ముడు, వాళ్ల పిల్లలు, పిల్లల పిల్లలు అందరూ దిగుతారు.

ఆ వరస మధ్యలో భుజాన కంబళి, కాళ్లకు దుమ్ముతో ఒక ముసలాయన. పక్కనున్న పిల్లలు ముక్కు మూసుకుని జరిగారు.

మారెమ్మ ఇంకా చర్చి నుంచి రాలేదు.

సాల్మన్ ఆయన దగ్గరికి వెళ్లాడు.

"యాడిదప్పా మీది?"

"నల్లమాడ తావ."

"ఎవరు పిలిచినారు?"

"మీ అమ్మ."

"మా అమ్మ దోవన పోయేవాళ్లనంతా పిలుస్తాది. ఇది ఇంటోళ్ల బంతి. కిందికి పో, ఆడ పెట్టిస్తాం."

ముసలాయన కదల్లేదు.

"మీ గడపలో మెతుకు ముట్టొద్దని మావోళ్లు నలభై ఏండ్లు నన్ను కట్టడి చేసినారప్పా. ఈ పొద్దు కాదని వచ్చినా. లేచి పోయేదానికి రాలేదు."

చుట్టాలందరూ చూస్తున్నారు. సాల్మన్ వంగి ఆకు మీద చెయ్యి వేశాడు.

"ఆకు తీయొద్దండి," అంది అరుణ.

"నువ్వు పోయి వడ్డించు."

"వడ్డించను."

గరిటె తీసి ఆడబిడ్డ పుష్ప చేతిలో పెట్టింది. కొంగు నడుముకు దోపుకుని ముసలాయన పక్కనే కూర్చుంది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆ ఇంటి పెద్దకోడలు మొదటి బంతిలో కూర్చోవడం అదే తొలిసారి.

"పుష్పా, ఇద్దరికీ పెట్టు."

పుష్ప అన్నను చూసింది, వదినను చూసింది. వడ్డించింది.

అరుణ అన్నం కలుపుతోంది గానీ ముద్ద నోటికి ఎత్తలేదు.

"భయంగా ఉండాదామ్మా?" అన్నాడు ముసలాయన మెల్లగా.

"ఉండాది."

"నాకూ ఉండె. ఉంటే ఉండనీ. తిను."

ఆయన మెతుకు వదలకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని కంబళి సర్దుకున్నాడు.

"మీ అత్త వస్తే చెప్పు తల్లీ, వచ్చి తినిపోయినానని. పొద్దు గూకేలోగా జీవాలు దొడ్డికి తోలుకోవల్ల. బస్సుకు పోతాండా."

మెట్లు దిగుతున్న ఆయన్ను చూడకుండా సాల్మన్ ముఖం తిప్పుకున్నాడు.

అరగంటకు మారెమ్మ ఆటోలో వచ్చింది. దిగకముందే అడిగింది.

"నల్లమాడ కాడినుంచి ఎవరన్నా వచ్చినారా?"

అరుణ జరిగిందంతా చెప్పింది. భర్త ఆకు మీద చెయ్యి వేసిన సంగతీ దాచలేదు.

మారెమ్మ కొడుకును తిట్టలేదు.

"ఎక్కు," అంది. "అరుణా, నువ్వూ రా."

ముగ్గురూ అదే ఆటోలో బస్టాండుకు వెళ్లారు. నల్లమాడ బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

"దానికేముందమ్మా, వచ్చే సంవత్సరం పిలిస్తే పోతుంది," అన్నాడు సాల్మన్.

"ఇంకొక తూరి వస్తాడనుకున్నావా?"

"అంత పెద్ద మనిషా? ఎవరమ్మా ఆయప్ప?"

మారెమ్మ బస్సు పోయిన దోవనే చూస్తూ చెప్పింది.

"నీకప్పుడు అయిదేండ్లు, మతం మారినోడికి ఈడ ఆరడుగుల చోటు గూడా లేదని నల్లమాడ తావ మన ఊరోళ్లంతా మీ నాయన శవానికి అడ్డం నిలబడితే, తన చెనిక్కాయ చేన్లో తన చేత్తో గుంత తవ్వి పూడ్చిన ఓబుళప్పరా ఆయన."