రాతినార పడవ

రేడియోలో మరదలు ఎతెరి పిలిచింది. “బావగారూ, ఆయన పొద్దుననగా సముద్రం మీదికెళ్ళారు. మంచు కమ్మేసింది. ఇంకా రాలేదు.”

ప్రిడోన్ వలలు పైకి లాగించేసి ఓడని పోతి రేవు వైపు తిప్పించాడు. తమ్ముడు బద్రీతో మాటల్లేక నెల దాటింది. అయితే మాత్రం, తోడబుట్టినవాడు కదా!

ముందేముందో కంటికి ఆనడం లేదు. ప్రిడోన్ రాడార్ తెరకి కళ్ళప్పగించి నిలబడ్డాడు. బద్రీది నాన్న వదిలిపోయిన ఇనప పడవ. ఎంత మంచులోనైనా తెరమీద శనగగింజంత చుక్కై వెలుగుతుంది.

“ఇంతకీ మీకు గొడవెందుకొచ్చింది?” చుక్కాని దగ్గరున్న ముర్మాన్ అడిగాడు.

“నాన్న పడవ అమ్మేస్తాడట! రుస్తావిలో బసాల్ట్ రాయి కరిగించి నార తీస్తున్నారట, దాంతో పడవ చేయిస్తాడట. రాయిని నమ్ముకుని నీళ్ళలోకి దిగేవాడెవడ్రా అని నలుగురిలో కడిగేశాను.”

“అలా తీసిపారేయకు. ఆ నారని జిగురులో ముంచి పోతపోస్తే ఇనుములో నాలుగోవంతు బరువే. ఉప్పునీళ్ళకి తుప్పు పట్టదు. దెబ్బకి ఓర్చుకుంటుంది. రాడార్‌కి కూడా సరిగ్గా చిక్కదట!”

“పెళ్ళానికీ చిక్కకూడదనేమో వెధవ!” ప్రిడోన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “వసంతానికిగానీ రాదులే ఆ దిక్కుమాలిన పడవ.”

తెరమీద చుక్క లేదు. ఎటు చూసినా ఖాళీ.

“ఇక్కడెక్కడా లేడు. వేగం పెంచు.”

ఓడ దూసుకుపోయింది. కాసేపటికి ధబ్‌మని చప్పుడు. ఏదో ఓడ పక్కకి గరగరా రాసుకుంటూ వెనక్కి పోయింది. మంచులో ఎక్కడో ఓ నీటిపిట్ట అరిచి ఊరుకుంది.

“దుంగ,” అన్నాడు ముర్మాన్. “రియోని నదికి వరదొస్తే అడవంతా సముద్రంలోకే. ఆగి చూద్దామా?”

“దుంగని చూడ్డానికా? అక్కడ వాడు ప్రాణాలు అరచేత పట్టుకుని కూర్చునుంటే! పోనీ!”

రేవు దగ్గరపడుతుండగా తెరమీద చుక్క మెరిసింది. శనగగింజంత.

“అదే! నాన్న పడవే!” ప్రిడోన్ కళ్ళు తుడుచుకున్నాడు. “చూశావా, ఒడ్డెక్కి హాయిగా కూర్చుని మన ప్రాణాలు తోడేశాడు!”

ముందు చెంప పగలగొట్టాలి. తర్వాత కావలించుకుని, రాయితోనో రప్పతోనో నీకిష్టమైన పడవ చేయించుకోరా అని చెప్పేయాలి. ఇన్నాళ్ళూ ఆ ఒక్కమాటకి నోరెందుకు రాలేదో అనుకుంటే సిగ్గేసింది.

ఇనప పడవ రేవుకి కట్టేసి ఉంది. పక్కనే ఎతెరి, మూతపెట్టిన గిన్నెలో ఇద్దరన్నదమ్ములకీ మొక్కజొన్న సంకటి ఘోమి పట్టుకుని నిలబడింది. ఓడ వెనకాలకి ఆత్రంగా తొంగిచూసింది.

“బావగారూ, చెప్పొద్దని ఒట్టేయించుకున్నారుగానీ, కొత్త పడవ నిన్ననే వచ్చింది, అన్నకే ముందు చూపిస్తానని దాన్నేసుకుని మీకెదురొచ్చారు... కనిపించలేదా?”